ఆడపిల్లల ఎండాకాలం, వాతావరణ పాఠం

ఈ మధ్య బడుల్లో పర్యావరణం గురించిన మాటలు బాగా పెరిగాయి. నగరాల్లో ప్రైవేటు పాఠశాలలు హైస్కూలు పిల్లలకు ఎండాకాలం సెలవుల్లో వాతావరణ మార్పు మీద శిబిరాలు పెట్టి, ఫీజులు తీసుకుని, చివరి రోజు సర్టిఫికెట్లు ఇస్తున్నాయి. ప్రభుత్వం కూడా వెనకబడలేదు. 2024 జూన్ మొదట్లో ఎకో క్లబ్బుల పేరుతో ఏడు రోజుల వేసవి శిబిరాలు నడపమని కేంద్ర విద్యాశాఖ దేశంలోని బడులన్నిటికీ చెప్పింది. ఏడు రోజులకు ఏడు అంశాలు: కరెంటు పొదుపు, నీటి పొదుపు, ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ మానడం, చెత్త తగ్గించడం, పాడైపోయిన ఎలక్ట్రానిక్ వస్తువుల సంగతి, ఆరోగ్యకరమైన జీవితం, భూమికి చేటు చేయని ఆహారం. చూడటానికి బాగానే ఉంది. కాకపోతే ఆ రోజుల్లో మన రాష్ట్రంలో బడులకు తాళాలు వేసి ఉంటాయి. మనం బడులు తెరిచేది జూన్ 12న.

జహీరాబాద్ ప్రాంతంలోని ప్రభుత్వ హైస్కూళ్లలో ఇరవై ఏళ్లకు పైగా సైన్సు చెప్పినదాన్ని. ఇలాంటి శిబిరాలు వద్దనే ఉద్దేశం నాకు లేదు. అవి కావాలని అడిగేవాళ్లలో నేనూ ఒకదాన్ని. అయితే స్త్రీల హక్కుల వైపు నుంచి చూసినప్పుడు కొన్ని ప్రశ్నలు వేయక తప్పదు. ఈ చదువు ఎవరికి అందుతోంది? సెలవుల్లో ఆడపిల్ల ఏ పని మానుకుని శిబిరానికి రాగలదు? అక్కడ పాఠం చెప్పే అర్హత ఎవరికి ఉంది? ఏ విషయాలు చెబుతున్నారు, ఏ విషయాలు దాటేస్తున్నారు?

ముందుగా ఒక సంగతి స్పష్టం చేసుకోవాలి. పర్యావరణ విద్య ఎవరో దయతలచి ఇచ్చేది కాదు. 1976లో 42వ సవరణ ద్వారా పర్యావరణాన్ని కాపాడటం పౌరుల ప్రాథమిక విధి అని రాజ్యాంగంలో రాశారు. విధి అని రాసిన తరువాత దాన్ని ఎలా నెరవేర్చాలో నేర్పే బాధ్యత ప్రభుత్వానిది కాదా? 1991 నవంబరులో ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు ఆ మాటే చెప్పింది. బడుల్లో పర్యావరణాన్ని తప్పనిసరి పాఠంగా చేర్చాలని, రేడియో, టీవీ, సినిమాహాళ్ల ద్వారా కూడా ప్రజలకు తెలియజెప్పాలని ఆదేశించింది. 2024 మార్చిలో బట్టమేక పక్షికి సంబంధించిన కేసులో అదే కోర్టు మరో అడుగు ముందుకు వేసింది. వాతావరణ మార్పు వల్ల కలిగే కీడు నుంచి రక్షణ పొందే హక్కు ప్రజలకు ఉందని, అది రాజ్యాంగంలోని 14, 21 అధికరణాల నుంచే వస్తుందని చెప్పింది. ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల కమిటీ 2023లో పిల్లల హక్కులకూ పర్యావరణానికీ ఉన్న సంబంధం గురించి విడిగా ఒక వ్యాఖ్య వెలువరించింది. స్త్రీలపై వివక్షను నిర్మూలించే ఒప్పందం కింద పనిచేసే కమిటీ 2018లోనే వాతావరణ మార్పు, విపత్తులు స్త్రీలను వేరుగా, ఎక్కువగా దెబ్బతీస్తాయని గుర్తించి ప్రభుత్వాలకు సిఫారసులు చేసింది.

కాగితం మీద ఇంత ఉంది. మరి మన ఊళ్లో తొమ్మిదో తరగతి చదివే పిల్ల ఎండాకాలం సెలవులు ఎలా గడుస్తాయి?

సెలవులంటే ఆడపిల్లకు విశ్రాంతి అనుకుంటే పొరపాటు. అమ్మ కూలికి పోతే ఇంటిపని మొత్తం ఆ పిల్లదే. చెల్లెళ్లను, తమ్ముళ్లను చూడాలి, నీళ్లు తేవాలి, వండాలి, మేకలు ఉంటే వాటి వెంట పోవాలి. కొందరు అమ్మ వెంట కూలికి కూడా పోతారు. చట్టం కూడా దీనికి దారి ఇచ్చింది. 2016లో బాలకార్మిక చట్టాన్ని సవరించినప్పుడు, బడి వేళల తరువాత గానీ సెలవుల్లో గానీ పద్నాలుగేళ్ల లోపు పిల్లలు కుటుంబానికి పనిలో సాయం చేయవచ్చని మినహాయింపు ఇచ్చారు. పద్నాలుగేళ్లు దాటినవాళ్లకు ప్రమాదకరమైన పనులు మాత్రమే నిషేధం. ఇక 2009 విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల వరకే వర్తిస్తుంది. అంటే తొమ్మిది, పది తరగతుల పిల్లలు ఆ హక్కు అంచు దాటి బయట ఉన్నారు. ఆడపిల్ల బడి మానేసే ప్రమాదం ఎక్కువగా ఉండేది సరిగ్గా ఆ వయసులోనే.

ఎండాకాలం పెళ్లిళ్ల కాలం కూడా. ఏప్రిల్లో పరీక్ష రాసి వెళ్లిన పిల్లల్లో జూన్‌లో తిరిగి రానివాళ్లను ప్రతి ఏడూ చూశాను. హాజరు పట్టీలో పేరు ఉంటుంది, పిల్ల ఉండదు. అడిగితే, "దానికి లగ్గం అయింది మేడం" అని పక్క పిల్ల చెబుతుంది. పద్దెనిమిదేళ్లు నిండకుండా పెళ్లి చేయకూడదని 2006 చట్టం ఉన్నా, వానలు సరిగ్గా పడని ఏడాది, అప్పు మీద పడిన ఏడాది ఆ చట్టం గుర్తుకు రాదు. కరువుకూ ఆడపిల్ల పెళ్లికీ ఉన్న ఈ సంబంధాన్ని ఏ పర్యావరణ పాఠంలోనూ చెప్పరు. కానీ మా పిల్లలకు వాతావరణ మార్పు ఇంటిదాకా వచ్చేది ఆ రూపంలోనే.

ఆ సెలవుల్లోనే పిల్లల ఎదురుగా ఒక మేడమో, ఒక అక్కో ఉండి, రోజూ వాళ్లను ఒకచోటికి పిలిచి, పేరు పెట్టి పలకరిస్తుంటే రెండు నెలలపాటు పిల్ల కనబడకుండా పోవడం అంత తేలిక కాదు. వేసవి శిబిరం వల్ల నాకు కనిపించే మొదటి ప్రయోజనం ఇదే. పాఠం సంగతి ఆ తరువాత.

రెండోది తిండి. మన రాష్ట్రంలో పదో తరగతి దాకా మధ్యాహ్న భోజనం ఉంది. సెలవులు రాగానే అది ఆగిపోతుంది. ఆకలికి సెలవు లేదు. 2004 ఏప్రిల్లో ఆహార హక్కు కేసులో సుప్రీంకోర్టు కరువు ప్రాంతాల్లో ఎండాకాలం సెలవుల్లో కూడా బడి భోజనం పెట్టాలని ఆదేశించింది. ఆ ఆదేశాన్ని పట్టుకుని శిబిరాన్ని భోజనంతో కలిపి అడగవచ్చు. పొద్దున చల్లటి వేళ నాలుగు గంటలు పాఠం, ఆ తరువాత జొన్నరొట్టె, పప్పు, ఆకుకూర. ఆ అన్నం గిన్నె ఉంటే తల్లి తన బిడ్డను పంపుతుంది. భూమికి చేటు చేయని ఆహారం అనే అంశాన్ని నల్లబల్ల మీద రాసి చెప్పడం కన్నా విస్తట్లో పెట్టి చెప్పడం మేలు కదా.

ఇక పాఠం ఎవరు చెప్పాలి? ఇక్కడే జహీరాబాద్ గురించి వివరంగా చెప్పాలి.

1983 నుంచి ఈ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పనిచేస్తోంది. పస్తాపూర్ కేంద్రంగా సుమారు 75 ఊళ్లలో ఏర్పడిన దాని సంఘాల్లో సభ్యులు ఎక్కువగా దళిత స్త్రీలు, ఒకటి రెండెకరాల చెలక భూములున్నవాళ్లు, అవి కూడా లేనివాళ్లు. ఆ సంస్థ వ్యవస్థాపకుల్లో ఒకరైన పి.వి. సతీష్ 2023 మార్చిలో చనిపోయారు. ఆయన గురించి రాసినవాళ్లందరూ ఒక విషయం ఒప్పుకున్నారు, అక్కడి జ్ఞానం ఆ ఆడవాళ్లదే అని. 1990లలో వాళ్లు బీడుపడిన భూములను సాగులోకి తెచ్చి, పండిన జొన్నలను ఊళ్లోనే నిలవచేసి, పేద ఇళ్లకు తక్కువ ధరకు ఇచ్చే పద్ధతి నడిపారు. రేషను దుకాణంలో బియ్యం తప్ప మరొకటి దొరకని కాలంలో ఇది జరిగింది. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించడానికి పాతికేళ్లకు ముందే ఈ ఊళ్లలో ఆ పని మొదలైంది. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ బహుమతి ఈ సంఘాల స్త్రీలకు వచ్చింది.

మాచ్‌నూర్‌లో 1993లో పచ్చసాలె అనే బడి మొదలయింది. పనికి పోయే పిల్లలను బడిలోకి తెచ్చి, పాఠ్యపుస్తకంతో పాటు వ్యవసాయం, మట్టితో ఇల్లు కట్టడం, మొక్కల మందులు, వడ్రంగం, కుట్టుపని నేర్పింది. అదే మాచ్‌నూర్ నుంచి 2008 అక్టోబరు 15న సంగం రేడియో ప్రసారాలు మొదలుపెట్టింది. దళిత స్త్రీలు సొంతంగా నడిపే రేడియో అది. జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ అనే ఇద్దరు పేర్లు అప్పట్లో పత్రికల్లో చాలాసార్లు వచ్చాయి. ఏటా చలికాలంలో ఎడ్లబండ్ల మీద విత్తనాలు అలంకరించి ఊరూరా తిప్పే పాత పంటల జాతర సంగతి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది.

అంటే వాతావరణ మార్పును తట్టుకునే వ్యవసాయం గురించి దేశవిదేశాల నుంచి వచ్చి తెలుసుకుని పోయే విద్య మా బడి గోడ అవతలే ఉంది. కానీ మా పిల్లల పుస్తకంలో లేదు. ఒక పొలంలోనే జొన్న, కంది, పెసర, అనుము, కొర్ర, నువ్వులు కలిపి ఎందుకు వేస్తారో, ఒక పంట పోతే ఇంకో పంట ఇంటిని ఎలా నిలబెడుతుందో ఆ తల్లులకు తెలుసు. నల్లరేగడిలో చలికాలపు మంచుతోనే పండే జొన్న, శనగ, కుసుమ లాంటి వాటిని వాళ్లు సత్యం పంటలు అంటారు. చెరువు నీళ్లూ బోరు నీళ్లూ అడగని పంటలు. విత్తనాన్ని బూడిదతో, వేపాకుతో కలిపి గుమ్మిలో, కుండలో ఎలా దాచాలో, ఏ కార్తెలో ఏది వేయాలో వాళ్లకు తెలుసు. వాళ్లలో చాలామందికి సంతకం కూడా రాదు. అందుకే బడి వాళ్లను లోపలికి పిలవలేదు. పిలిచినా ఏ వార్షికోత్సవానికో పిలిచి శాలువా కప్పి పంపింది గానీ, సుద్దముక్క ఇచ్చి పాఠం చెప్పమనలేదు.

వేసవి శిబిరంలో పాఠం చెప్పేవాళ్లుగా ఈ స్త్రీలు రావాలి. నగరం నుంచి కారులో వచ్చే నిపుణుడికి ఇచ్చే గౌరవ వేతనం వాళ్లకూ ఇవ్వాలి. ఆ రోజు కూలి పోగొట్టుకుని ఉచితంగా వచ్చి చెప్పమనడం సేవ పేరుతో చేసే దోపిడీ. స్త్రీల జ్ఞానానికి వెల లేదని పొగిడి, ఆ మాట అడ్డం పెట్టుకుని వెల కట్టకుండా ఎగ్గొట్టడం మనకు కొత్త కాదు.

ఇక్కడ తల్లిదండ్రుల నుంచి ఒక అభ్యంతరం వస్తుంది. అది చాలా బలమైంది, దాన్ని తోసిపుచ్చడానికి వీల్లేదు. ఒక తల్లి నన్ను నిలదీసినట్టే అడిగింది: "మా అవ్వ కలుపు తీసింది, నేను తీసిన. నా బిడ్డ తీయొద్దని బడికి తోలిన. మీరు మల్ల దాన్ని చెలకల్లకే తీస్కపోతరా మేడం? పెద్దోళ్ల పిల్లలకు కంప్యూటరు, మా పిల్లలకు కొర్రలా?"

ఈ ప్రశ్నలో తరతరాల అనుభవం ఉంది. దళిత కుటుంబాలకు చదువంటే ఇంకొకరి పొలంలో వంగి చేసే పని నుంచి బయటపడే దారి. అట్లాంటి ఇంటి పిల్లకు మట్టి గొప్పది, పాత పంటలు గొప్పవి అని చెబుతుంటే, నీ చోటు అక్కడే అని చెప్పినట్టు వినిపిస్తే ఆశ్చర్యం ఏముంది? కులవృత్తిని చదువు పేరుతో పిల్లల నెత్తిన రుద్దిన చరిత్ర మన దేశంలో ఉంది. 1953లో మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ప్రభుత్వం బడి సగం పూట, ఇంటి వృత్తి సగం పూట అనే పథకం తెస్తే జనం ఎదిరించారు. మరుసటి ఏడాది అది రద్దయింది. కాబట్టి ఆ తల్లి అనుమానం న్యాయమైనదే.

ఆమెకు నేను చెప్పిన జవాబు ఇది. చెలకలో పని చేయించడానికి కాదు తీసుకుపోయేది. చెలకలో ఉన్న విద్యను విద్యగా గుర్తించడానికి. డాక్టరు కొడుక్కి ఇంట్లో మందుల పేర్లు వినబడితే దాన్ని తెలివి అంటాం. కూలి తల్లి బిడ్డకు ముప్పై రకాల ఆకుకూరల పేర్లు తెలిస్తే దాన్ని తెలివి అనం. ఆ పిల్ల రేపు వ్యవసాయ శాస్త్రవేత్త కావచ్చు, వాతావరణ కేంద్రంలో ఉద్యోగి కావచ్చు, వకీలు కావచ్చు, ఊళ్లోనే ఉండి సొంత భూమి సాగు చేసుకోవచ్చు. ఏది కావాలో ఎంచుకునేది ఆ పిల్లే. తన తల్లికి తెలిసింది తక్కువదని అనుకుంటూ మాత్రం బడి నుంచి బయటికి పోకూడదు. దానితో పాటు కంప్యూటరు కూడా కావాలి, ఉష్ణమాపకం కావాలి, వర్షమాపకం కావాలి, బొగ్గుపులుసు వాయువు వేడిని ఎలా పట్టి ఉంచుతుందో చెప్పే శాస్త్రం కావాలి. ప్రైవేటు బడి పిల్లకు శాస్త్రం, ప్రభుత్వ బడి పిల్లకు శ్రమదానం అనే విభజనకు ఒప్పుకోకూడదు. ఆ తల్లి చివరికి, "గట్లయితే పంపుత, కానీ ఎండల పని చెప్పొద్దు" అంది. ఆ షరతు ప్రతి శిబిరానికీ ఉండాలి.

ఇప్పుడు ఏం చెప్పాలి అనే విషయం. నాకు తోచినవి కొన్ని రాస్తాను.

మొదటిది ఎండ. 2015 మే నెలలో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి వెయ్యిమందికి పైగా వడదెబ్బతో చనిపోయారు. 2025 ఏప్రిల్లో తెలంగాణ ప్రభుత్వం వడగాడ్పును రాష్ట్ర స్థాయి విపత్తుగా ప్రకటించి, చనిపోయినవారి కుటుంబానికి నాలుగు లక్షల సాయం నిర్ణయించింది. ఆ సాయం రావాలంటే ఏ కాగితాలు కావాలి, పోస్టుమార్టం ఎందుకు అవసరం అన్నది కూలి చేసే ఇళ్లలో ఎంతమందికి తెలుసు? పిల్లలు నేర్చుకుంటే ఇళ్లకు తెలుస్తుంది. ఒక థర్మామీటరు రేకుల ఇంట్లో, ఒకటి పెంకుటింట్లో, ఒకటి వేపచెట్టు కింద పెట్టి వారం రోజులు గంట గంటకూ రాయమనండి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మన పెద్దలు చెప్పిన మాట లెక్కల్లో కనబడుతుంది. మిట్టమధ్యాహ్నం రేకుల కింద పొయ్యి ముందు కూర్చునేది ఎవరన్నది కూడా ఆ లెక్కలో రాయించాలి. వడదెబ్బ పొలంలోనే కాదు, వంటింట్లోనూ తగులుతుంది. ఎండాకాలంలో నీళ్లు తక్కువైనప్పుడు బహిష్టు సమయంలో ఆడపిల్లలు పడే ఇబ్బంది గురించి కూడా సిగ్గుపడకుండా మాట్లాడాలి. అది కూడా పర్యావరణ పాఠమే.

రెండోది నీళ్లు. జహీరాబాద్ చుట్టూ చెరుకు పెరిగింది. చెరుకుకు పంటకాలం మొత్తం మీద 1500 నుంచి 2500 మిల్లీమీటర్ల నీళ్లు కావాలి. జొన్నకు 450 నుంచి 650 చాలు. మిగతా నీళ్లు భూమి లోపలి నుంచి రావలసిందే. పక్కవాడి బోరు లోతుకు పోయిన కొద్దీ పేదరాలి బావి ఎండుతుంది. దూరం నుంచి నీళ్లు మోసేది మళ్లీ ఆడపిల్లే. చెరుకు రైతును తిట్టడానికి కాదు ఈ లెక్క. అతనికి డబ్బు చేతికొచ్చే పంట అది. జొన్నకు సరైన ధర, కొనే ఏర్పాటు లేనప్పుడు అతన్ని మానమనే హక్కు మనకు లేదు. ఆ రెండు వైపులా పిల్లలకు చెప్పాలి. సింగూరు నుంచి మంజీర నీళ్లు దశాబ్దాలుగా హైదరాబాదుకు పోయాయి. నీళ్లు పొదుపు చేయమని మన ఊరి పిల్లకు చెప్పే ముందు ఎవరి ఇంటికి ఎన్ని నీళ్లు పోతున్నాయో చెప్పాలి.

మూడోది ఆకుకూరలు. తుమ్మికూర, గునుగుకూర, దొగ్గలికూర, చెంచలికూర, గంగవాయిలి. ఎవరూ విత్తకుండా పొలంలో మొలిచేవి. కొనే పని లేకుండా పేద ఇంటికి ఇనుము, విటమిన్లు ఇచ్చే కూరలు. కలుపుమందు కొట్టిన పొలంలో ఇవి మొలవవు, మొలిచినా తినడానికి పనికిరావు. శాస్త్రం పుస్తకంలో కలుపు అని రాసినదాన్ని అమ్మ కూర అంటుంది. ఎందుకు అన్నది పిల్లలు వాదించుకోవాలి. రక్తహీనత గురించి మాత్రలు పంచే రోజున చెప్పే పాఠంతో దీన్ని కలపాలి.

నాలుగోది భూమి. దీని గురించి ఎకో క్లబ్బులు మాట్లాడవు. న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో జాతీయ పెట్టుబడుల, ఉత్పత్తుల మండలి కోసం సుమారు 12,600 ఎకరాలు తీసుకోవాలని నిర్ణయం జరిగింది. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పారిశ్రామిక నగరాల్లో జహీరాబాద్ కూడా ఉంది. ఈ భూములు చాలావరకు చిన్న రైతులవి, కొన్ని దళితులకు ప్రభుత్వం పంచిన అసైన్డ్ భూములు. పరిశ్రమలు వస్తే మన పిల్లలకు ఉద్యోగాలు వస్తాయని ఒక వాదం, సత్యం పంటలు పండే నేల పోతే మళ్లీ రాదని ఒక వాదం. ఏ వాదం సరైనదో శిబిరం తీర్పు చెప్పనక్కర్లేదు. కానీ పిల్లలకు ఒక హక్కు గురించి చెప్పి తీరాలి. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణకు కనీసం ముప్పై రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ప్రాజెక్టు నివేదిక సారాంశం స్థానిక భాషలో, అంటే తెలుగులో, ప్రజలకు అందుబాటులో ఉంచాలి. ఆ సారాంశాన్ని చదివే ఓపిక, సమయం, అక్షరం కూలి తల్లికి లేకపోవచ్చు. పదో తరగతి చదివే కూతురికి ఉంది. ఆ పిల్ల రచ్చకట్ట దగ్గర కూర్చుని నలుగురు ఆడవాళ్లకు దాన్ని చదివి వినిపించగలిగితే, ఏ పోస్టరు పోటీ కన్నా అది గొప్ప పర్యావరణ విద్య. భూమి పట్టా ఎవరి పేరున ఉంటుంది, నష్టపరిహారం ఎవరి ఖాతాలోకి పోతుంది, ఇంటి ఆడదానికి ఆ డబ్బులో ఎంత చేతికొస్తుంది అన్న ప్రశ్నలు కూడా అక్కడే పుడతాయి.

ఈ పాఠాలు కష్టమని, హైస్కూలు పిల్లలకు రాజకీయాలు ఎందుకని కొందరు సాటి ఉపాధ్యాయులు అంటారు. ప్లాస్టిక్ కవరు ఏరమనడం కూడా రాజకీయమే. ఆ పాఠం తప్పంతా ఏరేవాళ్ల అలవాట్లలోనే ఉన్నట్టు చెబుతుంది. 2022లో మొదలైన మిషన్ లైఫ్ కార్యక్రమం వ్యక్తుల జీవన విధానం మార్చుకోమంటుంది. ఇంట్లో ఒక బల్బు, ఒక ఫ్యాను ఉన్న పిల్లను కరెంటు తగ్గించమంటే ఏం తగ్గిస్తుంది? 2024లో ప్రపంచ సగటు ఉష్ణోగ్రత పారిశ్రామిక యుగానికి ముందున్న దానికన్నా ఒకటిన్నర డిగ్రీలు మించిందని ప్రపంచ వాతావరణ సంస్థ చెప్పింది. ఆ వేడి మాచ్‌నూరు పొయ్యిలోంచి వచ్చింది కాదు. ధనిక దేశాల, ధనిక ఇళ్ల, పెద్ద పరిశ్రమల వాటా ఎంతో, మన వాటా ఎంతో పిల్లలకు లెక్క చెప్పాలి. లేకపోతే అపరాధభావం పేదలకు, సర్టిఫికెట్లు ఉన్నవాళ్లకు మిగులుతాయి.

మనవైపు నుంచి కూడా ఒక జాగ్రత్త అవసరం. పాత పంటలను పొగిడేటప్పుడు ఆ పంటల వెనక ఉన్న స్త్రీ శ్రమను మరిచిపోకూడదు. కొర్రలు, సామలు పొట్టు తీయాలంటే రోట్లో దంచాలి. చేతులు కాయలు కాస్తాయి. పొట్టు తీసే మిల్లు ఊళ్లో లేకుండా చిరుధాన్యాలు తినమని చెబితే, ఆ ఆరోగ్యం ఇంటి మగవాళ్లకు, దంపుడు ఆడవాళ్లకు మిగులుతుంది. బియ్యం వచ్చాక పని తగ్గిందని చెప్పే స్త్రీలు అబద్ధం చెప్పడం లేదు. కాబట్టి పాత పంట కావాలి, పాత చాకిరీ వద్దు. శిబిరంలో మగపిల్లలు కూడా నీళ్లు తేవాలి, రొట్టె చేయాలి, గిన్నెలు తోమాలి. పర్యావరణం ఆడవాళ్ల సహజ గుణం అన్నట్టు మాట్లాడి, కాపాడే బరువంతా ఆడపిల్లల మీద పెట్టడానికి వీల్లేదు.

ఇవన్నీ సాధ్యమేనా అంటే, కావలసినవి మరీ పెద్దవేమీ కావు. మండలానికి రెండు మూడు చోట్ల, పిల్లలు నడిచి రాగలిగే దూరంలో, పొద్దున ఆరున్నర నుంచి పదిన్నర వరకు నడిచే శిబిరం. ఏడు రోజులు సరిపోవు. ఏప్రిల్ చివరి నుంచి జూన్ మొదటి వారం దాకా, కనీసం వారానికి మూడు రోజులు ఉండాలి. మృగశిర కార్తెకు, ఎరువాకకు అది ముగిస్తే విత్తనం పడటం కూడా పిల్లలు చూస్తారు. భోజనం, తాగేనీళ్లు, నీళ్లున్న మరుగుదొడ్డి తప్పనిసరి. ఒక మహిళా ఉపాధ్యాయురాలు, ఒక ఊరి స్త్రీ కలిసి పాఠం చెప్పాలి, ఇద్దరికీ వేతనం ఇవ్వాలి. ఎక్కడా ఫీజు ఉండకూడదు. తమ్ముణ్ణో చెల్లెల్నో చంకనేసుకుని వచ్చే పిల్లను వెనక్కి పంపకుండా అంగన్‌వాడీని ఆ గంటలు పక్కనే నడపాలి. ప్రతి పిల్ల హాజరు రాయాలి. రెండు రోజులు రాకపోతే ఇంటికి వెళ్లి అడగాలి.

2024లో మన రాష్ట్రంలో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు ఏర్పాటు చేసి, బడి మరమ్మతుల పనులు మహిళా సంఘాలకు అప్పగించారు. గోడలకు సున్నం వేయించే అధికారం ఇచ్చినవాళ్లను, ఆ గోడల మధ్య ఎండాకాలంలో ఏం జరగాలో నిర్ణయించే అధికారం కూడా మనం అడగాలి. మీ ఊరి సంఘం సమావేశంలో ఈ విషయం పెట్టండి. తీర్మానం రాసి మండల విద్యాధికారికి ఇవ్వండి, రసీదు తీసుకోండి. 2004 నాటి భోజనం ఆదేశాన్ని, 1991 నాటి పర్యావరణ విద్య ఆదేశాన్ని అందులో పేరు పెట్టి రాయండి. మీ ఊళ్లో విత్తనాలు దాచే పెద్దమ్మ ఎవరో, ఆకుకూరలు ఎరిగిన అవ్వ ఎవరో వాళ్ల పేర్లు పాఠం చెప్పేవారి జాబితాలో ముందు రాయండి. ఏప్రిల్లో బడికి తాళం పడకముందే ఈ పని జరగాలి. జూన్‌లో హాజరు పట్టీ తెరిచినప్పుడు ఏ పిల్ల పేరు దగ్గరా ఖాళీ ఉండకూడదు.